కొండమీద పెళ్లికి వచ్చేవాళ్లకి

శుభలేఖలో చోటు చాల్లేదు,
అందుకని ఈ కాగితం విడిగా పెడుతున్నాను.
పెళ్లికూతురు సుగంధికి అప్పని నేను, ఆశా వర్కర్ని.
చెప్పిందే చెప్పడం నా ఉద్యోగం. ఏమనుకోకండి.

మందస రోడ్డులో పాసింజరు దిగండి.
ఢిల్లేశ్వర్రావు జీపు ఉంటాది, పచ్చ టార్పాలినుది.
పదిమందినే ఎక్కిస్తానంటాడు, నమ్మకండి.
కడుపులో తిప్పేవాళ్లు ముందు సీటు అడిగి తీసుకోండి.
మీ మొహమాటం చివరికి
పక్కవాళ్ల ఒళ్లో పడతాది.

జోగారావు టీకొట్టు దగ్గర రోడ్డు అయిపోతాది.
ఫోన్లో మ్యాపు ఇంకా ఉందంటాది.
మ్యాపు ఎప్పుడూ ఇటు నడిచి రాలేదు.
అక్కణ్ణుంచి మా కాళ్లకి ముప్పావుగంట,
మీ కాళ్లకి ఎంతో
మీ కాళ్లనే అడగండి.

పట్టుచీర సంచిలో పెట్టుకుని రండి.
మార్చుకోడానికి పందిరి వెనక ఇల్లు ఖాళీ చేశాం.
అద్దం ఉంది, ఓ మూల పగిలింది.
తోటలో జీడిపళ్లు రాలే రోజులివి,
ఆ రసం గుడ్డకి అంటిందంటే
మీ మనవరాలి పెళ్లినాటికీ అలాగే ఉంటాది.

బహుమతి తేలిగ్గా ఉండేది తెండి.
మా చిన్నాన్న కూతురి పెళ్లికి ఎవరో
బీరువా పంపించారు, నిలువుటద్దంతో.
మూడేళ్లయింది, జోగారావు కొట్లోనే నిలబడి ఉంది.
పై అరలో బన్నులు, కింద అరలో సబ్బులు,
లాకర్లో అప్పుల పుస్తకం.
పిల్ల సంతకి దిగినప్పుడల్లా
దాని ముందు నిలబడి బొట్టు సరిచేసుకుని
తలుపు ఓసారి నిమిరి ఎల్తాది.

గెడ్డ నీళ్లు చల్లగా ఉంటాయి, మీరు తాగకండి.
మరిగించినవి రాగిబిందెలో ఉన్నాయి.
రాత్రికి దుప్పటి తెచ్చుకోండి,
కింద ఉక్కపోసినా పైన పళ్లు కొట్టుకుంటాయి.
దోమతెరలు నేనిస్తాను, నలభై,
సంతకం పెట్టి తెచ్చినవి, నలభయ్యీ తిరిగిచ్చెయ్యండి.
జనరేటరు పదకొండింటికి కొండెక్కేస్తాది,
ఉన్నది కొండమీదే అయినా.

జీలుగు కల్లు తియ్యగా ఉంటాది.
తీపిని చూసి మోసపోకండి.
తాగినవాళ్లు ఆ రాత్రి దిగొద్దు,
ఈ మాట డ్యూటీలో ఉండి చెప్తున్నట్టు లెక్క.

మా ఇంటి గోడమీద తెల్లటి బొమ్మలుంటాయి,
పోయినవాళ్ల కోసం తాత వేసినవి.
చేత్తో తాకితే పిండి రాలిపోతాది.
ఫోటోకి ముందు తాతనడగండి,
తాత వాళ్లనడిగి చెప్తాడు.

సిగ్నలు కావాలంటే పనసచెట్టు దాటి
ఏనుగుబండ ఎక్కి తూర్పుకి తిరగండి.
దూరంగా సముద్రం గీతలా కనబడితే
సరైన చోటే నిలబడ్డట్టు.
చాలామంది అక్కడికెళ్లి
ఫోన్ చెయ్యడం మర్చిపోతారు.

'ఇక్కడెలా బతుకుతున్నారమ్మా' అని
మా అమ్మనడగకండి.
ఆవిడ నిజంగానే చెప్పుకొస్తాది,
అడ్డాకులో అన్నం చల్లారిపోతాది.

ఇంకొకటి. దారిలో వెనకనుంచి
'తప్పుకోండి, తప్పుకోండి' అని కేకలొస్తే
కొండవైపుకి ఒరిగి నిలబడండి, లోయవైపుకి కాదు.
అది డోలీ.
మీరు భయపడకండి.
కర్రకి పసుపు రాసుంటాది, దుప్పటి కొత్తది.
లోపల పెళ్లికొడుకు నాయనమ్మ దాలమ్మ,
ఎనభై దాటింది, మోకాళ్లు లేవు, వస్తానని పంతం.

ఆ కర్ర నాకు బాగా తెలుసు.
వానల్లో, అర్ధరాత్రుల్లో, ఓ కొస పట్టుకుని
దాంతోపాటు ఎన్నిసార్లు దిగానో.
మా వదినని దింపాం. మా అమ్మమ్మని దింపాం.
పైకి ఎప్పుడూ ఖాళీగానే వచ్చింది,
ఎవరి భుజంమీదో, ఒట్టి కర్రలాగ.
మనిషితో పైకి రావడం ఇదే మొదలు.
మోసేవాళ్లని ఆ ముసల్ది తిడుతూ నవ్వుతూ ఉంటే
మీరూ నవ్వండి, పరవాలేదు.
నేనొక్కదాన్నీ కళ్లు తుడుచుకుంటూ కనబడితే
పొయ్యి పొగ అనుకోండి.

మర్నాడు మెల్లగా దిగండి.
ఎక్కడంకంటే దిగడమే కష్టం,
మోకాళ్లు చెప్తాయి.

టార్చిలైటు మర్చిపోకండి.
బ్యాటరీలు రెండు ఎక్కువ తెండి,
ఎవరో ఒకరు మర్చిపోయే వస్తారు.